నాలుగు దేవుళ్ల సాబ్

మా బ్లాకు ఆఫీసుకు కొత్త ఆఫీసరు వస్తున్నారని, ఆయన మిలిటరీలో విమానాలు నడిపిన మనిషని కబురు రాగానే మా దగ్గర పని ఆగిపోయింది. ఆగిపోయిన సంగతి పైవాళ్లకు తెలియలేదు. అంతకుముందు నడుస్తున్న సంగతి కూడా వాళ్లకు తెలియదు గనక తేడా కనబడలేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఇంకా ఎక్కువ కాలం కాలేదు. ఆసిఫాబాద్ అవతల అడవి అంచున ఉన్న ఆ బ్లాకులో నేను సాంఘిక విద్యాధికారిని. అంటే ఊళ్లు తిరిగి జనాన్ని చైతన్యవంతుల్ని చేయాలి. కరీంనగర్‌లో పుట్టి, హైదరాబాదులో బి.ఏ. చదివిన నాకు జనం చైతన్యం లేకుండా ఉన్నారని అప్పటిదాకా తెలియదు. సర్కారు చెప్పింది కాబట్టి నమ్మాను. పని కోసం నాకొక రేడియో, ఒక పెట్రోమాక్స్ దీపం, అట్టతో చేసిన మరుగుదొడ్డి నమూనా ఇచ్చారు. ఏ ఊళ్లో చూపించినా ఆ నమూనాను జనం చాలా మెచ్చుకునేవారు. మా ఇంట్లో బొమ్మల కొలువుకు ఇస్తారా అని ఒకావిడ అడిగింది కూడా.

కొత్త ఆఫీసరు వచ్చే రోజు మేమంతా పూలదండ పట్టుకుని బడి ముందున్న మైదానంలో నిలబడ్డాం. ఆయన ఎట్లా వస్తారన్న ప్రశ్న ఎవరికీ రాలేదు. విమానాలు నడిపే మనిషి బస్సులో ఎందుకొస్తాడు? పొద్దుటి నుంచి ఆకాశం చూస్తూ నిలబడితే మెడలు పట్టుకుపోయాయి. అంతలో వెనక నుంచి ఒక పొడవాటి మనిషి వచ్చి, భుజం మీది హోల్డాలు పరుపుచుట్ట కిందపెట్టి, మాతోపాటే తలెత్తి చూడడం మొదలుపెట్టారు. మంచి నలుపు, ఉంగరాలు ఉంగరాలుగా దగ్గరికి కత్తిరించిన జుట్టు. కాసేపు చూసి, పక్కనున్న మా జీపు డ్రైవరును అడిగారు.

"ఏం సూస్తుండ్రు?"

"కొత్త సాబ్ విమానంల వస్తుండు."

"ఎంతకు వస్తడట?"

"పొద్దుగాల్నే అన్నరు. ఇంక జాడ లేదు. మిలిటరీ మనుషులకు టైము పాబందీ అంటరు గని, అదంత ఉత్తదే."

ఆయన తల ఊపారు. "పాబందీ మనిషికి ఉంటది. బస్సు టైరుకు ఉండది. రెండుసార్లు పంచరయింది" అని, దండ కోసం మెడ వంచారు. డ్రైవరు చేతిలో ఉన్న దండ ఆయన మెడలో పడిందో, డ్రైవరు చేతిలోంచి జారిందో నాకిప్పటికీ స్పష్టంగా తెలియదు. మొత్తానికి స్వాగతం జరిగింది.

ఆయన కథ నాకు ఒకేసారి తెలియలేదు. జీపులో తిరిగేటప్పుడు గుంతకొక ముక్క చొప్పున చెప్పేవారు. మా రోడ్ల పుణ్యమా అని కథ త్వరగానే పూర్తయింది.

ఆయన సిద్దీ. ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చి హైదరాబాదు దివాణంలో గుర్రపు దళంగా కుదిరినవాళ్ల సంతతి. తాత గుర్రం మీద బతికాడు, తండ్రి గుర్రం మీద బతికాడు. ఈయనకు మాత్రం గుర్రం దగ్గరికొస్తే తుమ్ములు. దివాణం ఊరేగింపులో తుమ్ముతూ పోయే సిపాయి శోభనివ్వడని ఇంట్లోవాళ్లు దిగులు పడుతుండగా పెద్ద యుద్ధం వచ్చింది. బేగంపేటలో విమానం నడపడం నేర్పుతున్నారని తెలిసింది. విమానానికి వెంట్రుకలు ఉండవు గదా అని చేరిపోయారు. అట్లా మా రాజ్యంలో మిలిటరీ విమానం నడిపిన మొదటి సిద్దీ అయ్యారు. రెండో ఆయన ఎవరో నాకు తెలియదు. ఆయనకూ తెలియదు.

చేరాక భోజనం దగ్గర చిక్కు వచ్చింది. ఇంగ్లీషువాళ్ల మెస్సులో నువ్వు ఇండియావాడివి అన్నారు. ఇండియావాళ్ల మెస్సులో నువ్వు ఆఫ్రికావాడివి గదా అన్నారు. ఎవరివాడో తేలేలోపు ఆకలి ఆగదు కాబట్టి ఆయన రెండు చోట్లా తిన్నారట. తేలలేదు గాని బలం వచ్చింది. బర్మా వైపు పంపారు. అక్కడ అడవుల్లో చిక్కుకున్న సైన్యానికి విమానంలోంచి బియ్యం బస్తాలు వేసేవారు. అప్పుడప్పుడు కంచరగాడిదలను ఎక్కించుకుని పోయి దించేవారు. అవి గుర్రాలకు దగ్గరి చుట్టాలు కదా, కొండల మీదుగా తుమ్ముతూనే నడిపారట.

యుద్ధం అయ్యాక బేగంపేటలోనే కుర్రవాళ్లకు విమానం నేర్పారు. తర్వాత పోలీసు చర్య, దివాణం కొలువులన్నీ రద్దు. గుర్రపు దళంలో గుర్రాలను కొత్త సర్కారు వెంటనే తీసుకుంది, మనుషుల విషయం పరిశీలిస్తామంది. పరిశీలన జరుగుతుండగానే ఆయన పరీక్ష రాసి రెవెన్యూలో చేరారు. కింది మెట్టు నుంచి ఒక్కొక్కటే ఎక్కి మా దగ్గరికి వచ్చారు. మధ్యలో విమానం ముట్టలేదు. ఆ మాట చెప్పిన రోజు రోడ్డు నిండా గుంతలే, అయినా ఆ ఒక్క ముక్కతోనే సరిపెట్టారు.

విమానం లేకపోయినా విమానం అలవాట్లు పోలేదు. జీపు ఎక్కేముందు దాని చుట్టూ ఒకసారి తిరిగి, టైర్లు తన్ని, తలుపులు ఊపి, అద్దం తుడిచి, ఎడమ చూసి, కుడి చూసి, అప్పుడు ఎక్కేవారు. ఇదంతా మాకు బాగానే ఉంది. ఇబ్బంది ఒక్కటే. జీపును వెనక్కి పోనిచ్చేవారు కారు.

"సారూ, గీయన రివర్స్ ఎయ్యనియ్యడు" అని డ్రైవరు నా దగ్గర మొరపెట్టుకున్నాడు. "గాలిల ఎన్కకు పోవుడు లేదట. ముందట సూసి పోవాలెనట. 'ఇది గాలి కాదు సాబ్, అంగడి' అన్న. ఇనలే."

అది నిజమే. అంగడి రోజు ఒక ఊళ్లో సందు ఇరుకై, ఎదురుగా కందుల బండి వస్తే, వెనక్కి రెండు బారలు పోతే సరిపోయేది. సాబ్ ససేమిరా అన్నారు. బండినే పక్కకు తప్పించి, ముందుకే పోయి, ఊరు దాటి, గుట్ట చుట్టి, వాగు దాటి, సాయంత్రానికి ఆఫీసు చేరాం. దారిలో అనుకోకుండా రెండు ఊళ్లు తనిఖీ చేయాల్సి వచ్చింది. ఆ సంవత్సరం తనిఖీల్లో మా బ్లాకుకు జిల్లాలో మంచి పేరొచ్చింది.

పనిమంతుడు. బావులు తవ్వించారు, అదీ నీళ్లున్న చోట. అంతకుముందు బావులన్నీ రోడ్డు పక్కన, తనిఖీకి అందుబాటులో ఉండేవి.

ఇట్లా ఉండగా పైనుంచి ఒక ఉత్తరువు. వాగుల సర్వేకు చిన్న విమానం వస్తుంది, దిగడానికి చదునైన నేల సిద్ధం చేయాలి, ఏ వాగు ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుందో తెలిసిన మనిషి ఎక్కి పైలట్‌కు దారి చూపాలి. వాగులు తెలిసిన మనిషి మా ఆఫీసులో సాబ్ ఒక్కరే. తక్కినవాళ్లకు తెలిసినవి టీ కొట్లు. ఉత్తరువు వెనకాలే పైలట్ కబురు కూడా వచ్చింది. అతను బేగంపేటలో సాబ్ దగ్గర నేర్చుకున్న కుర్రవాడు. సాబ్ వస్తే ఒక రౌండ్ ఆయన చేతికే ఇస్తానన్నాడు.

సాబ్ ఆ కబురు విని మంచిదన్నారు, అంతే. మర్నాడు నల్లద్దాల కళ్లజోడు, చెవులు మూసే తోలు టోపీ పెట్టుకుని జీపెక్కారు. ఎండాకాలం. డ్రైవరు నా వైపు చూశాడు, నేను రోడ్డు వైపు చూశాను. చాలా దూరం పోయాక ఆయనే అన్నారు.

"ఒక్క రౌండ్. దిగినంక మల్ల అడగ."

ఎవరిని అడగరో చెప్పలేదు. మాకు అర్థమైంది. అప్పటికే హైదరాబాదులో కుర్చీ ఉద్యోగానికి బదిలీ అనుకుంటున్నారు. చూపు కూడా తగ్గుతున్నది. ఫైలు చదవాలంటే చేయి చాచి దూరంగా పట్టుకునేవారు. ఇంకో రెండేళ్లు పోతే విమానాన్ని కూడా అట్లాగే పట్టుకోవాల్సి వచ్చేది. ఈసారి తప్పితే ఆయనకు మళ్లీ విమానం లేదు.

చదునైన నేల మా బ్లాకు మొత్తంలో ఒక్కచోటే దొరికింది, ఒక గోండు ఊరి పక్కన, జొన్న కోసేసిన చేను. మామూలుగా అయితే సర్కారు ఇట్లాంటివి అడగదు, తీసుకుని తర్వాత తెలియజేస్తుంది. సాబ్ అడుగుదామన్నారు. నన్ను కూడా తీసుకుపోయారు. జనాన్ని ఒప్పించడం నా శాఖ.

ఊరి పెద్దను అక్కడ పట్లా అంటారు. ఆయన మమ్మల్ని మంచం మీద కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, విషయం విని, తల గోక్కున్నాడు. "అడగకుండ తీసుకుంటే మాకు కష్టం లేకుండె సాబ్. అడిగిండ్రు కాబట్టి జవాబు ఇయ్యాలె. మీకు దేవుళ్లు ఎందరు?"

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. గోండుల్లో నాలుగు దేవుళ్లవాళ్లు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్లవాళ్లు అని తెగలుంటాయి. ఒకే లెక్కవాళ్లు అన్నదమ్ములు, పిల్లనిచ్చి పుచ్చుకోవడం వేరే లెక్కతో. కొత్త మనిషి వస్తే ఆ లెక్క అడుగుతారు. అది తెలిస్తే ఆ మనిషిని ఎట్లా పిలవాలో, ఏం పెట్టాలో, ఎంతవరకు వెక్కిరించవచ్చో అన్నీ తెలిసిపోతాయి. ఆ ఊరు ఏడు దేవుళ్లది.

"ఒక్కడే" అన్నారు సాబ్.

చావడి దగ్గర కూర్చున్నవాళ్లంతా ఆయన వైపు తిరిగారు. పట్లా చాలా మర్యాదగా, రోగం గురించి అడిగినట్టు అడిగాడు. "ఒక్కనితోని ఎట్ల ఎల్లుతది? అన్నదమ్ములు ఎవరు, పిల్లనిచ్చేటోళ్లు ఎవరు, ఎట్ల ఎరుకైతది?"

"నేను పిల్లనడుగుత లేను. చేను అడుగుతున్న."

"రెండు ఒక్కటే సాబ్. సుట్టం కానోనికి ఏదిచ్చినా దానమైతది. దానం పడుతరా?"

"పట్టను."

"మరి సూడుండ్రి."

ఇది నా శాఖ అని గుర్తొచ్చి లేచాను. మనుషులంతా అన్నదమ్ములే, లెక్కలు అక్కర్లేదని కాస్త గట్టిగానే చెప్పాను. అందరూ శ్రద్ధగా విన్నారు. ఒకాయన మాత్రం, అందరూ అన్నదమ్ములైతే ఎవరు ఎవరికి పిల్లనిస్తారని అడిగాడు. నేను కూర్చున్నాను.

పట్లాకు ఒక అక్క ఉండేది. పళ్లు లేవు, మాట మాత్రం ఉంది. గోడకానుకుని చుట్ట కాలుస్తూ అప్పటిదాకా మా వైపు చూడనైనా లేదు. ఇప్పుడు చుట్ట తీసి సాబ్‌ను అడిగింది, యుద్ధంలో ఆ గాలిమోటరులో ఒక్కడివే పోయేవాడివా అని. నలుగురం పోయేవాళ్లం అన్నారాయన.

"ఒకని పానం ఒకని చేతులనా?"

సాబ్ చేతిలోని నీళ్ల చెంబు కింద పెట్టారు. "ఔ" అన్నారు తర్వాత.

"ఇంకేంది మరి, గదే అన్నదమ్ములంటె. నలుగురు గద, నాలుగు దేవుళ్లోడు" అని ఆమె చుట్ట మళ్లీ నోట్లో పెట్టుకుంది.

ఊరంతా ఊపిరి పీల్చుకుంది. సాబ్ గొంతు సవరించుకుని, ఇంకేదో తకరారు రాకుండా అక్కడికక్కడే తేల్చుకున్నారు. "బంధుత్వానికి నాలుగు. నమాజుకు ఒక్కడే. మంజూరా?"

"మంజూరే" అన్నాడు పట్లా. "నమాజు మీది, బంధుత్వం మాది."

ఏడుకూ నాలుగుకూ పిల్లనిచ్చి పుచ్చుకోవచ్చు. అంటే సాబ్ ఆ ఊరందరికీ బావ. బావకు చేను ఇవ్వకపోతే పరువు దక్కదు కాబట్టి చేను వచ్చింది. చేనుతోపాటు తక్కినవి కూడా వచ్చాయి. ఒక్క క్షణం ముందు దండం పెట్టినవాళ్లు ఇప్పుడు ఆటపట్టించడం మొదలుపెట్టారు. బావ జుట్టు బాగుంది, వానకు తడవదన్నారు ఒకరు. బావ నలుపు నలుపంటే ఏమో అనుకున్నాం, మా తాత ముందు ఏపాటి అన్నారు ఇంకొకరు. ముసలమ్మ అయితే, ఆయనకింకా పెళ్లి కాలేదని తెలిసి, వంట నేను చేస్తాను గాని రొట్టె నమిలిపెట్టడం బావ పని అంది. సాబ్ మంచం పట్టె విరిగేటట్టు నవ్వారు. రంగు గురించి, జుట్టు గురించి మెస్సుల్లో ఆయన వినని మాట లేదట. బావా అని పిలిచి అన్నవాళ్లు మాత్రం లేరన్నారు, తిరిగి వస్తుంటే.

వచ్చేముందు నా సంగతేమిటని పట్లాను అడిగాను. నన్ను కిందినుంచి పైదాకా చూసి, నీది తర్వాత చూద్దామన్నాడు.

చేను తయారైంది. రాళ్లు ఏరారు, పుట్టలు తవ్వారు, సున్నంతో గీతలు గీశారు. గాలి ఎటు వీస్తున్నదో పైలట్‌కు తెలియడానికి కర్రకు గుడ్డ గొట్టం ఒకటి కట్టాలన్నారు సాబ్. మా జిల్లాలో గుడ్డ గొట్టం అమ్మే దుకాణం లేదు. నా పైజామా ఎడమ కాలు కత్తిరించి కట్టారు. కుడి కాలుతో నేనేం చేసుకోవాలో ఎవరూ ఆలోచించలేదు. అది గాలికి నిండి నిలబడితే, లోపల ఎవరో ఉన్నట్టే ఉండేది. ఊరి పిల్లలు దానికి దండం పెట్టి పోయేవాళ్లు. చైతన్యం వ్యాపిస్తున్నదని పైకి రాద్దామా అనుకున్నాను.

విమానం వచ్చింది. చుట్టుపక్కల పది ఊళ్ల జనం వచ్చారు. చిన్నది, రెండే సీట్లు, ఒకదాని వెనక ఒకటి. సీటు సీటుకూ ఒక కడ్డీ, ఎక్కడ కూర్చున్నా నడపవచ్చునట. కుర్ర పైలట్ దిగి, సాబ్‌కు సెల్యూట్ కొట్టి, పాదాలకు కూడా వంగి, లేచినప్పుడు మొహం వేలాడేశాడు. అతనిది గుంటూరు వైపు.

"సాబ్, నిన్ననే కొత్త ఆర్డరు వచ్చిందండి. దారి చూపేవాళ్లను ఎక్కించుకోవచ్చు గాని, కడ్డీ ఎవరి చేతికీ ఇవ్వకూడదన్నారు. నేను మాటిచ్చాను..."

"ఆర్డర్ ఆర్డరే" అన్నారు సాబ్. "ఫికర్ చెయ్యకు."

కళ్లజోడు తీసి రుమాలుతో తుడిచారు. దాని మీద దుమ్ము లేదు. తుడిచి జేబులో పెట్టుకున్నారు. తోలు టోపీ మాత్రం తలమీదే ఉండిపోయింది, గుర్తులేక. డ్రైవరు నా పక్కన నిలబడి, నాకు మాత్రమే వినబడేటట్టు కొత్త ఆర్డరును, దాన్ని రాసినవాణ్ణి, వాడి ముందు తరాలను కరీంనగర్ పద్ధతిలో స్మరించాడు. నేను అడ్డం చెప్పలేదు.

సాబ్ వెనక సీటు ఎక్కబోతుంటే ఆడవాళ్లు వచ్చారు. నాలుగు రోకళ్లు కొసకు కొస కలిపి విమానం ముందు అడ్డం పట్టుకుని నిలబడ్డారు. కుర్ర పైలట్ బెదిరిపోయాడు. సర్వేకు వ్యతిరేకమా అని నన్ను అడిగాడు. నేను వెళ్లి కనుక్కుని వచ్చాను. సర్వేతో వాళ్లకు పేచీ లేదు. ఊరికి వచ్చిన బావను ఒంటరిగా సాగనంపరు, ఇంటి మనిషి ఒకరు వెంట పోయి పొలిమేర దాటించి రావాలి. అట్లా పంపకపోతే ఏడు దేవుళ్లవాళ్లు బావను గెంటేశారని చుట్టుపక్కల అనుకుంటారు. చుట్టుపక్కల వాళ్లంతా అక్కడే నిలబడి ఉన్నారు.

వెంట పోయే మనిషి కూడా సిద్ధం. ముసలమ్మ, కొత్త చీర, చంకలో మూట, మూటలో బావకిచ్చి పంపే కోడి.

"రెండే సీట్లు అవ్వా" అన్నాడు పైలట్ బతిమాలుతున్నట్టు. "నేనొకణ్ణి, సాబ్ ఒకరు. మీకు చోటు లేదు."

ముసలమ్మ లోపలికి తొంగి చూసింది. నిజమే, రెండే.

"మరి నువ్వు దిగు" అంది.

నేనే నడిపేవాణ్ణి, నేను దిగితే ఎట్లా అని అతను ఓపికగా చెప్పాడు. ఆమె సాబ్ వైపు తిరిగింది. "బావకు నడుపరాదా?"

ఎంత జనమో చెప్పాను కదా. అందరూ ఆయన వైపే చూశారు. సాబ్ కర్ర మీది పైజామా కాలు వైపు చూశారు. అది గాలికి నిండుగా, తూర్పుకు తిరిగి ఉంది.

"వస్తది" అన్నారు.

పైలట్ ఏదో అనబోయాడు. అప్పటికే పట్లా అతని భుజం మీద చేయివేసి ఉన్నాడు. ఈ పిల్లగాని దేవుళ్లు ఎందరో మనకు ఇంకా తెలియదు, తెలిసేదాకా ఊరు దాటనివ్వడం పద్ధతి కాదని, నెమ్మదిగా, పెళ్లిచూపుల్లో మాట్లాడినట్టు మాట్లాడాడు. ఎండ ముదిరితే గాలి మారుతుందని, సర్వే ఆగిపోతుందని పైలట్ అన్నాడు గాని, ఆ మాటలు ఎవరితో అంటున్నాడో అతనికే తెలియలేదు. సాబ్ జేబు వైపు చూశాడు. కళ్లజోడు కాడ ఒకటి బయటికి కనబడుతున్నది.

"తోక చక్రం ఒకసారి చూసుకోవాలి" అన్నాడు నాతో. "నేను కడ్డీ ఎవరికీ ఇవ్వలేదు. ఇచ్చినట్టు మీరేమన్నా చూశారా?"

నేను సాంఘిక విద్యాధికారినని, నేను చూసిందేమిటని సర్కారు ఇంతవరకు ఒక్కసారి కూడా అడగలేదని హామీ ఇచ్చాను. తోక చక్రం చూడ్డానికి పోయిన మనిషి, సాబ్ ముందు సీట్లో, ముసలమ్మ వెనక సీట్లో కుదురుకున్నాక, ముందుకెందుకొచ్చాడో, ఆమెకు పట్టీ ఎందుకు బిగించాడో, ఆమె ముందున్న కడ్డీని ఎందుకు ఊడదీసి పక్కన పెట్టాడో, ముక్కు మీది పంకా రెక్క పట్టుకుని ఎందుకు తిప్పాడో నేను అడగలేదు. ఇంజను అందుకుంది. రోకళ్లు పక్కకు జరిగాయి. దుమ్ములోంచి విమానం లేచి, చింతచెట్ల మీదుగా పోయింది. డ్రైవరు నా చేయి ఎందుకు పట్టుకున్నాడో తెలియదు, వదిలించుకోవడానికి తర్వాత కష్టమైంది.

ఒక్క రౌండ్ అన్నారు కదా. గుట్ట దాటి పోయిన విమానం తిరిగి కనబడలేదు. మోత కూడా సన్నబడి ఆగిపోయింది. కుర్ర పైలట్ చేనుగట్టు మీద కూలబడి, నా ఉద్యోగం గుట్ట అవతలికి పోయిందన్నాడు. జనం అతణ్ణి ఓదార్చారు, అంటే చుట్టూ కూర్చుని దేవుళ్ల లెక్క అడిగారు. అతను పరధ్యానంగా, మాకు ముప్పై మూడు కోట్లు అన్నాడు. పట్లా చాలాసేపు ఆలోచించి, ఈ పిల్లగానికి పిల్ల దొరకడం కష్టమని తేల్చాడు. ఒకావిడ జాలిపడి మజ్జిగ తెచ్చిచ్చింది.

ఈలోగా రెండు ఎద్దులు సున్నం గీత మీదికి వచ్చి పడుకున్నాయి. గాలి పడిపోయి పైజామా కాలు చచ్చినట్టు వేలాడింది. అప్పుడే మోత వినబడింది. గాలి ఎటుందో తెలియకపోతే దిగడం ప్రమాదమని పైలట్ అరిచాడు. ఊళ్లోవాళ్లు ఎద్దుల మీదికి ఉరికారు. డ్రైవరు ఇంత జొన్నచొప్ప పోగేసి నిప్పు పెట్టాడు. పొగ మెల్లగా లేచి ఒక వైపు వాలింది. విమానం మా నెత్తిమీదుగా ఒకసారి పోయి పొగ చూసుకుని, దూరంగా తిరిగి, చెట్ల అవతల నుంచి వచ్చి దిగింది. దిగిన సంగతి వెనక దుమ్ము లేస్తే తెలిసింది, అంతే.

"నాకిప్పటికీ ఇట్లా రాదు" అన్నాడు పైలట్, కూర్చున్నచోటే.

ముందు ముసలమ్మ దిగింది. కోడి కూడా క్షేమం. ఎందుకింత ఆలస్యమని పట్లా కోప్పడ్డాడు, పొలిమేర దాకా పోయి రమ్మంటే ఎక్కడికి పోయావన్నాడు.

"పైనుంచి పొలిమేర కనబడలే తమ్మీ" అంది ఆమె. "ఏ ఊరికీ కనబడలే. ఏడ ఆపుమనాలెనో నాకెట్ల ఎరుక? నేను ఆపుమనలే. ఆయన అడుగలే."

సాబ్ దిగలేదు. కళ్లజోడు పెట్టుకుని, రెండు చేతులూ కడ్డీ మీద పెట్టుకుని, పంకా రెక్క పూర్తిగా ఆగేదాకా కూర్చున్నారు. తర్వాత దిగి, కుర్రవాడి దగ్గరికి పోయి, ఏ వాగు ఎక్కడ కలుస్తున్నదో నేలమీద పుల్లతో గీసి చూపించారు. అతను అవన్నీ తన పటంలో ఎక్కించుకున్నాడు. ఆ తర్వాత అతన్నొక్కణ్ణే పంపడానికి ఊరివాళ్లు ఒప్పుకున్నారు. ముప్పై మూడు కోట్ల మందితో పోతున్నాడు కాబట్టి ఒంటరి కాదన్నాడు పట్లా. సర్వే బాగా జరిగిందని తర్వాత పైనుంచి మెప్పు కూడా వచ్చింది. ఎవరు నడిపారని ఎవరూ అడగలేదు. మేమూ చెప్పలేదు.

జీపెక్కాక ఎట్లా ఉండె సాబ్ అని అడిగాను. పెద్దవాగు కట్టకు రెండు చోట్ల గండి పడింది, కిందినుంచి మనకు కనబడలేదన్నారు. అది మొదలు. గండి ఎట్లా పూడ్చాలో, అక్కడినుంచి కాలువ తీస్తే ఏ ఊళ్లకు నీళ్లందుతాయో, మనం తవ్వించిన మూడో బావి ఒక పది బారలు అటు తవ్వించి ఉంటే ఇంకెంత ఊరేదో, గుట్ట వెనక ఎవరికీ తెలియని చెరువొకటి ఎట్లా మెరుస్తున్నదో, మాటకు మాట తగిలించుకుంటూ చెప్తూనే ఉన్నారు. గుంతకొక ముక్క చెప్పే మనిషి గుంతలకు కూడా ఆగలేదు. విమానం సంగతి, కడ్డీ సంగతి ఒక్క ముక్క ఎత్తలేదు. కాలువ దగ్గరికి వచ్చేసరికి చేతులు రెండూ గాల్లోకి లేచి మెల్లగా ఎడమకు వాలాయి, మళ్లీ కుడికి వాలాయి. ఆ సంగతి ఆయన చూసుకున్నట్టు లేదు.

ఆఫీసు మలుపు వచ్చింది. డ్రైవరు నా వైపు చూశాడు. నేను రోడ్డు వైపు చూశాను. జీపు మలుపు తిరగకుండా మెల్లగా ముందుకే, గుట్ట చుట్టి వచ్చే దూరపు రోడ్డు పట్టింది, సాబ్ చెరువు గురించి చెప్తూనే ఉన్నారు.